కొట్టివేసిన మాటలు

37 ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, 2024లో పదవీ విరమణ చేసిన రోజున నా బల్ల ఖాళీ చేశాను. పుస్తకాలను గ్రంథాలయానికి ఇచ్చాను. పాత నోట్సులు చించి పడేశాను. విద్యార్థుల కాగితాల కట్ట ఒకటి మాత్రం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. దిద్ది తిరిగి ఇచ్చినా తీసుకోకుండా వదిలేసినవి కొన్ని, నేనే అడిగి ఉంచుకున్నవి కొన్ని. దారం వదులైనప్పుడల్లా విప్పి, రెండు మూడు చదివి, మళ్లీ కడతాను.

అందులో ఒక కాగితం అంచులు నా వేళ్లు తగిలి తగిలి నలిగిపోయాయి. డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రవాడు తన తండ్రి గురించి రాసిన పేజీన్నర వ్యాసం అది. రెండో వాక్యంలో నాన్న ఎలాంటి మనిషో చెప్పబోతూ మొదట 'స్ట్రిక్ట్' అని రాశాడు. దాని మీద అడ్డంగా గీత గీసి 'సైలెంట్' అన్నాడు. దాన్నీ కొట్టివేశాడు. పక్కన చోటు చాలక పై వరుసలోకి ఎక్కించి, చిన్న అక్షరాలతో 'టైర్డ్' అని రాశాడు. కఠినమైన మనిషి, మాట్లాడని మనిషి, అలసిపోయిన మనిషి. ఆ మూడు మాటలు వెతుక్కుంటూ ఆ కుర్రవాడు తండ్రికి మూడు అడుగులు దగ్గరయ్యాడు. మూడో మాటకు ముందు చాలాసేపు ఆగినట్టున్నాడు, కలం ఆనిన చోట సిరా ఊరి చిన్న మచ్చ అయింది.

ఆ వ్యాసానికి నేను 10కి 6 మార్కులు వేశాను. ఎర్ర సిరాతో నాలుగు ఆర్టికల్ తప్పులు, రెండు స్పెల్లింగ్ తప్పులు చుట్టాను. ఆ మూడు మాటల పక్కన అంచులో 'కొట్టివేతలు ఉండకూడదు' అని రాశాను. అది 1989. చేరి రెండేళ్లయింది. నాకు అప్పటికి అంతకు మించి తెలియదు. ఆ వాక్యం ఇప్పటికీ ఆ అంచులో ఉంది, సిరా కాస్త వెలిసింది అంతే. చదివిన ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది.

మేము చదువుకున్నది సాహిత్యం. నాటకాలు, కవిత్వం, విమర్శ. రాయడం ఎలా నేర్పాలో మాకు ఎవరూ నేర్పలేదు. అది వ్యాకరణంలో ఒక భాగమని, తప్పులు పట్టుకుంటే చాలునని అనుకునేవాళ్లం. తరగతికి 80 మంది. ఒక్కొక్క కాగితానికి 5 నిమిషాలు పెట్టినా మొత్తం దిద్దడానికి ఆరున్నర గంటలు దాటుతుంది. రాత్రి భోజనం అయ్యాక కట్ట ముందేసుకుని కూర్చుంటే యాభయ్యో కాగితం దగ్గరికి వచ్చేసరికి కళ్లు వాక్యాన్ని చదవడం మానేసి తప్పును మాత్రమే వెతికేవి. విద్యార్థి ఏం చెబుతున్నాడో ఆ వేళకు పట్టేది కాదు.

పిల్లలు ఇతరుల మాటలు ఎరువు తెచ్చుకుని రాయడం ఇప్పుడే మొదలైందని అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో గైడ్లు ఉండేవి. వ్యాసాలన్నీ వాటిలో తయారుగా ఉండేవి. పిల్లలు వాటిని బట్టీపట్టి మక్కికి మక్కి దింపేవారు. ఒకే ఉపోద్ఘాతం, ఒకే ఉపమానం, గైడులో పడిన ఒకే అచ్చుతప్పు ముప్ఫై కాగితాల్లో వరుసగా కనిపించేది. పరీక్షలూ దానికే మార్కులు వేసేవి, మేమూ వేశాం. ఎరువుల సొమ్ము బరువుల చేటు అంటారు. ఆ బరువును పిల్లల నెత్తిన పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే, గైడులోని వ్యాసం మొత్తం ఒప్పజెప్పగల పిల్లవాడు తెల్ల కాగితం ముందు బిక్కచచ్చి కూర్చునేవాడు. తన మాట ఎవరికైనా అవసరమవుతుందని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ వ్యాసాలకు బదులు మంచి గద్యం చదివించాలని నాకు మహా తపన ఉండేది. దానికి సాధనం సైక్లోస్టైల్. మైనపు పూత ఉన్న స్టెన్సిల్ కాగితాన్ని టైపు మిషనుకు ఎక్కించి, రిబ్బన్ అడ్డు రాకుండా తప్పించి కొట్టాలి. అచ్చు తగిలిన చోట పూత విడిపోయి అక్షరం ఆకారంలో దారి ఏర్పడుతుంది. ఆ కాగితాన్ని సిరా పట్టించిన డ్రమ్ముకు చుట్టి పిడి తిప్పితే ఆ దారుల్లోంచి సిరా దిగి కాపీలు వస్తాయి. 'ఓ' అక్షరం దగ్గర కాస్త గట్టిగా కొడితే మధ్య ముక్క ఊడిపోయి, కాపీలన్నింటిలో అక్కడ నల్లటి చుక్క పడేది. తప్పు కొడితే ఘాటైన వాసన వచ్చే ద్రవాన్ని చిన్న కుంచెతో రాసి, ఆరేదాకా ఊది, దాని మీద మళ్లీ కొట్టాలి. ఒక పేజీ తయారు చేయడానికి సాయంత్రం మొత్తం పట్టేది. అందువల్ల పిల్లలకు ఏ పేజీ ఇవ్వాలా అని వారం రోజులు ఆలోచించేదాన్ని. వేళ్లకు సిరా అంటుకున్న ఆ సాయంత్రాలే నాకు పాఠం ఎంచుకోవడం నేర్పాయి. తరువాత జిరాక్స్ వచ్చింది, ఒక్క గంటలో 40 పేజీలు ఇవ్వగలిగాను, పిల్లలు వాటిలో సగం చదవలేదు.

1990ల మొదట్లో ఒక శిక్షణ శిబిరంలో మొదటిసారి కొందరు అమెరికన్ రచనాబోధకుల పేర్లు విన్నాను. జానెట్ ఎమిగ్ 1971లో ప్రచురించిన పరిశోధనలో ఎనిమిది మంది విద్యార్థులను ఎంచుకుని, రాస్తున్నప్పుడు మనసులో మెదిలేదంతా పైకి చెప్పమని అడిగి, విని, నమోదు చేశారు. రాసేవారు ముందుకూ వెనక్కూ నడుస్తారని, తిన్నగా సాగే రచన అరుదని ఆ నమోదుల్లో తేలింది. డొనాల్డ్ మర్రే 1972లో ఇంకా సూటిగా చెప్పారు: పూర్తయిన రచనను శవపరీక్ష చేసే పని మానుకోండి, రాసే క్రమాన్ని నేర్పండి అని. మా మాటల్లో చెప్పుకుంటే, సాపుప్రతి దగ్గర కాపలా కాయడం చాలించి చిత్తుప్రతి దగ్గరికి రండి అని. శిబిరం నుంచి కాలేజీకి తిరిగి రాగానే 1989 నాటి ఆ కాగితం వెతికి తీశాను. 'స్ట్రిక్ట్', 'సైలెంట్', 'టైర్డ్'. నా కళ్ల ముందు జరిగిన రచన అది. దాన్ని మురికి అనుకున్నాను.

ఇంకొక పేరు మీనా షౌనెస్సీ. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో నగరంలో హైస్కూలు ముగించిన వారందరికీ తలుపులు తెరిచినప్పుడు, ఇంగ్లీషు రాతలో బాగా వెనకబడిన వేలమంది విద్యార్థులు వచ్చి చేరారు. వారు రాసిన దాదాపు 4,000 వ్యాసాలను ఆమె ఓపికగా చదివారు. వారి తప్పుల వెనుక సోమరితనం లేదని, ఒక తర్కం ఉందని 1977లో తేల్చి చెప్పారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆమెను నేను చూడలేదు, అయినా నాకు ఉపాధ్యాయురాలు అని ఎవరిని చెప్పుకోవాలన్నా ముందు ఆమె పేరే వస్తుంది.

ఆమె చూపించిన దారిలో మా పిల్లల తప్పులను మళ్లీ చదవడం మొదలుపెట్టాను. 'మా నాన్న టీచర్' అనే తెలుగు వాక్యంలో క్రియ లేదు, దాని అవసరమూ లేదు. అందుకే ఆ పిల్లలు ఇంగ్లీషులో 'ఈజ్' వదిలేస్తున్నారు. 'నిన్ననే వచ్చాను' అన్నప్పుడు ఆ ఏకారంలో ఉన్న ఊనికకు ఇంగ్లీషులో చోటు ఎక్కడా కనిపించక 'యెస్టర్‌డే' పక్కన 'ఓన్లీ' తెచ్చి నిలబెడుతున్నారు. ఇక ఆర్టికల్స్ సంగతి చెప్పనక్కరలేదు. మనకు 'ఒక' ఉంది, 'ఆ' ఉంది, రెండూ వాటికి పూర్తిగా సరిపోవు. పిల్లవాడు తెలుగులో ఆలోచించిన దాన్ని నిజాయితీగా మోసుకొచ్చి ఇంగ్లీషు గుమ్మంలో దించుతున్నాడు. ఈ సంగతి తరగతిలో చెప్పి, నల్లబల్ల మీద రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపించిన రోజున వెనక వరుసలో ఎప్పుడూ తల ఎత్తని అమ్మాయి ఒకతె, "అయితే నాది తెలివితక్కువ కాదా, మేడమ్?" అని అడిగింది. కాదమ్మా, రెండు భాషలు మోస్తున్నావు, కాస్త బరువుంటుంది అన్నాను. ఆ ఏడాది ఆ అమ్మాయి ఎంత రాసిందో చెప్పలేను.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. 1990ల చివర్లో మాకు ఒక గది నిండా ఇచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ, అందులో 1.44 మెగాబైట్లు, ఒక విద్యార్థి మూడేళ్లలో రాసే వ్యాసాలన్నీ పట్టేవి. మొదటిసారి అచ్చులో వచ్చిన వ్యాసాల కట్ట నా చేతికి అందినప్పుడు కలిగిన సంతోషం మరచిపోలేను. కలిసిపోయిన అక్షరాలు లేవు, కళ్లు చిట్లించుకోవాల్సిన పని లేదు. చేతిరాత బాగాలేదని చిన్నప్పటి నుంచి తిట్లు తిన్న పిల్లలు తమ పేజీని పట్టుకుని పదే పదే చూసుకున్నారు. అది వారికి జరిగిన న్యాయమే. చేతిరాత ముద్దుగా ఉన్నవారికి తెలియకుండానే నేను ఎన్ని మార్కులు ఎక్కువ వేసి ఉంటానో ఆ రోజు లెక్కకు వచ్చింది.

ఏదో పోయిందని గ్రహించడానికి నాకు ఒకటి రెండేళ్లు పట్టింది. కాగితం మీద కొట్టివేసిన మాట అక్కడే ఉంటుంది. మీట నొక్కి చెరిపిన మాటకు ఆనవాలు ఉండదు. 'స్ట్రిక్ట్' అని కొట్టి, చెరిపి, 'సైలెంట్' అని కొట్టి, చెరిపి, చివరికి 'టైర్డ్' అని ఉంచినా నా చేతికి వచ్చేది 'టైర్డ్' ఒక్కటే. అది మొదటి మాటో, మూడో మాటో నాకు తెలియదు. ఇంకా విచారం ఏమిటంటే, మొదటి పలుకే అచ్చులో అంత తీరుగా కనిపిస్తూ ఉంటే, దాన్ని మార్చాలన్న బుద్ధి పిల్లలకు పుట్టడం తగ్గింది. చిత్తుప్రతి పుట్టగానే సాపుప్రతి వేషం వేసుకుని వచ్చేసింది.

వర్డ్ ప్రోగ్రామ్ 1995 కూర్పులో, టైపు చేస్తూ ఉండగానే స్పెల్లింగ్ తప్పుల కింద ఎర్రటి అలల గీత గీయడం మొదలైంది. 1997 కూర్పులో వ్యాకరణానికి ఆకుపచ్చ గీత తోడైంది. నా ఎర్ర సిరా పని సగం అది తీసుకుంది, నేను సంతోషించాను. అయితే కొత్త రకం తప్పులు మొదలయ్యాయి. ఒకసారి ఒక అబ్బాయి సెలవు చీటీలో తాను సోమవారం 'డిఫయంట్లీ' వస్తానని రాశాడు. ధిక్కరిస్తూ వస్తానని అర్థం! పాపం అతడు రాయబోయింది 'డెఫినెట్లీ', తప్పకుండా అని. స్పెల్లింగ్ తడబడితే యంత్రం చూపించిన మాటల్లో మొదటిది నొక్కాడు. ఎర్ర గీత పోయింది కనుక సరైందే అనుకున్నాడు. గీత పోవడానికీ మాట సరిపోవడానికీ ఉన్న తేడా చెప్పడానికి నాకు ఒక తరగతి మొత్తం పట్టింది.

ఇది నా తరగతి గదిలోని సంగతే అనుకున్నాను గానీ, తరువాత ఆండ్రియా లన్స్‌ఫర్డ్, కేరెన్ లన్స్‌ఫర్డ్ 2008లో ప్రచురించిన అధ్యయనం చదివితే అదే అక్కడా కనిపించింది. అమెరికా కాలేజీల మొదటి సంవత్సరం విద్యార్థుల వ్యాసాలను వారు పరిశీలించారు. 1986లో జరిగిన ఇలాంటి లెక్కలో స్పెల్లింగ్ తప్పులదే అగ్రస్థానం. 20 ఏళ్ల తరువాత అది 5వ స్థానానికి జారి, తప్పు పదం వాడటం మొదటి స్థానానికి వచ్చింది. నన్ను ఇంకా కదిలించినది మరొక లెక్క. 1917లో 100 పదాలకు 2.11 తప్పులు దొర్లేవట. 1930లో 2.24. 1986లో 2.26. 2006లో 2.45. దాదాపు 90 ఏళ్లలో తప్పుల రేటు పెద్దగా కదలలేదు. వ్యాసం నిడివి మాత్రం 1917లో సగటున 162 పదాలుంటే 2006లో 1,038 పదాలకు పెరిగింది. మా సిబ్బంది గదిలో 'ఈ తరం పిల్లలకు రాయడం రాదు' అన్న మాట పడని రోజు ఉండేది కాదు. నేను చేరిన రోజునా అన్నారు, నేను వచ్చేసిన రోజునా అన్నారు. ఆ లెక్కలు చదివాక నేను ఆ మాట అనడం మానేశాను.

అప్పటికి ఫోన్లలో సంక్షిప్త సందేశాల కాలం నడుస్తోంది. ఒక సందేశంలో 160 అక్షరాలే పట్టేవి కనుక పిల్లలు మాటలను కురచ చేసి, అచ్చులు తీసేసి, అంకెలు కలిపి రాసేవారు. అవి పరీక్ష కాగితాల్లోకి కూడా వచ్చాయి, చాలామంది మండిపడ్డారు. మొదట్లో నేనూ ఉలిక్కిపడ్డాను. కాస్త ఆగి చూస్తే, నేను చూసిన తరాలన్నింటిలోకీ రోజంతా ఏదో ఒకటి రాస్తూ ఉన్న మొదటి తరం ఇదే. మాకు ఉత్తరం రాయడమంటే నెలకో పని. వీళ్లు బస్సు ఎక్కేలోపు పది రాస్తున్నారు. ఎవరికి రాస్తున్నారో వారికి తెలుసు, జవాబు వస్తుందని తెలుసు. నా తరగతిలో వారికి లేనిది అదే. చదివేది నేనొక్కదాన్ని, అదీ తప్పులు వెతకడానికి. అందుకని ఒక అభ్యాసం పెట్టాను. ఒకే కబురును స్నేహితుడికి సందేశంగా, ప్రిన్సిపాల్‌కు లేఖగా, పత్రికకు వార్తగా మూడు సార్లు రాయాలి. ఏ మాట ఎక్కడ పనికిరాదో వారే పసిగట్టారు. నేను ఒక్క నియమం కూడా చెప్పనక్కరలేకపోయింది.

అంతర్జాలం నుంచి ఎత్తిరాయడం వేరే కథ. 2001లో వికీపీడియా మొదలైంది, వెతికితే ఏదైనా దొరికే రోజులు వచ్చాయి. వ్యాసం మధ్యలో హఠాత్తుగా అక్షరాల పరిమాణం మారేది, వాక్యాల కింద నీలం గీతలు అలాగే ఉండిపోయేవి. ఆ తరువాత పోలికలు పట్టి శాతాలు చెప్పే సాఫ్ట్‌వేర్ వచ్చింది. వ్యాసం చదవక ముందే శాతం చూడటం మాకు అలవాటైంది. ఆ అలవాటు నాకు ఏనాడూ నచ్చలేదు. పిల్లవాడు గదిలోకి రాకముందే జేబులు తడిమినట్టు ఉంటుంది. రెబెకా మూర్ హోవర్డ్ అనే రచనాబోధకురాలు 1990లలో 'ప్యాచ్‌రైటింగ్' అనే మాట వాడుకలోకి తెచ్చారు. ఇతరుల వాక్యాల్లో రెండు మాటలు మార్చి, మూడు తీసేసి, అతికి రాసే రాత. మన బొంత లాంటిదే. కొత్త విషయం నేర్చుకుంటున్నవారు తమ మాట దొరికేదాకా ఇలా రాస్తారని, దాన్ని నేరంగా చూడటం తగదని ఆమె వాదన. నాకది నిజమనిపించింది. బొంత తెచ్చిన పిల్లలను కూర్చోబెట్టుకుని, పుస్తకం మూసి, ఇప్పుడు నీకు అర్థమైంది నాకు చెప్పు అనేదాన్ని. చెప్పేవారు. అదే రాయమనేదాన్ని. అందరి దగ్గరా పని చేయలేదు. ఉద్దేశపూర్వకంగా మోసం చేసినవారూ ఉన్నారు, వారికి సున్నా వేశాను.

ఈలోగా ఇంగ్లీషు తరగతి పేరే మారిపోయింది. నాటకాలు తగ్గాయి, కవితలు తగ్గాయి, కమ్యూనికేషన్ స్కిల్స్ వచ్చాయి. ఇంటర్వ్యూలు, బృంద చర్చలు, దరఖాస్తులు. పిల్లలకు ఉద్యోగాలు కావాలి, ఆ అవసరాన్ని చిన్నచూపు చూసే హక్కు జీతం తీసుకున్న నాకు లేదు. బాధ కలిగింది మాత్రం ఒకందుకు. దరఖాస్తులో 'నేను కష్టపడి పని చేస్తాను' అని రాయడానికి ఒక నమూనా ఉంటుంది. తండ్రి అలసిపోయాడని రాయడానికి నమూనా ఉండదు. రెండోది రాయగలిగినవారు మొదటిది ఎలాగూ రాయగలరు. నేను చివరిదాకా ప్రతి తరగతిలో ఒక కవిత చదివించాను, సిలబస్‌లో ఉన్నా లేకున్నా.

2020లో తరగతి తెర మీదికి వెళ్లింది. నల్లటి గళ్లలో పేర్లు. రెండు విద్యాసంవత్సరాలు నేను ఎక్కువగా నా గొంతే విన్నాను. అంతకు మించి ఆ కాలం గురించి రాయాలని లేదు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. సంక్రాంతి దాటేసరికి నా చేతికి అందుతున్న వ్యాసాల తీరు మారింది. ఆర్టికల్ ఒక్కటీ తప్పదు. పేరాలు కొలిచి కోసినట్టు ఉంటాయి. ప్రతి వాదానికీ ఒక ప్రతివాదం, చివర్లో సమతూకంగా ఒక ముగింపు. అమ్మ గురించి రాయమంటే అందరి అమ్మలూ ఒకే అమ్మ అయ్యారు. ఆ వ్యాసాలు చదువుతూ ఉంటే 1987 నాటి గైడులే గుర్తుకొచ్చాయి. తేడా ఏమిటంటే గైడు ముప్ఫై మందికి ఒకే వ్యాసం ఇచ్చేది, ఇది ముప్ఫై మందికీ విడివిడిగా కుట్టి ఇస్తోంది.

ఆ రోజుల్లోనే నేను ఒక తప్పు చేశాను. రెండో సంవత్సరం కుర్రవాడొకడు చక్కటి వ్యాసం ఇచ్చాడు. అంతకు ముందు అతడి ఇంగ్లీషు నాకు బాగా తెలుసు, తడబడుతూ నడిచేది. దాన్ని యంత్రపు రాతను గుర్తిస్తామని చెప్పే ఒక పరికరంలో వేసి చూశాను, మనిషి రాసింది కాదని చెప్పింది. నేను నమ్మాను. తరగతిలో అందరి ముందూ "ఇది నువ్వే రాశావా?" అని అడిగాను. అతడు జవాబు చెప్పలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

మరుసటి రోజు ఉదయం సిబ్బంది గది బయట నిలబడి ఉన్నాడు. చేతిలో గీతల నోటుబుక్కు. "చూడండి మేడమ్" అని మాత్రం అన్నాడు. 11 పేజీలు. ఒకే పేరా నాలుగుసార్లు రాసి ఉంది. కొట్టివేతలు, బాణం గుర్తులు, అంచుల్లో తెలుగులో రాసుకున్న మాటలకు కింద ఇంగ్లీషు మాటలు. 'ది' పెట్టి, తీసి, మళ్లీ పెట్టిన చోట కాగితం చిరిగేలా ఉంది. నేను ఆ పుస్తకాన్ని అక్కడే నిలబడి చివరిదాకా చదివాను. ఆ రోజు తరగతిలో, ముందు రోజు ఎంతమంది ఎదుట అడిగానో అంతమంది ఎదుటా క్షమాపణ చెప్పాను. పోయిన పరువు అంతటితో తిరిగి వచ్చిందని నేను అనుకోను. ఆ అబ్బాయి పెద్దమనసుతో తరువాత కూడా నాకు వ్యాసాలు చూపించేవాడు.

ఆ పరికరం ఎందుకు పొరబడిందో తరువాత తెలిసింది. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు తమ ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని కొలిచే టోఫెల్ పరీక్షలో రాసిన 91 వ్యాసాలను వాటికి ఇస్తే, సగటున 61 శాతానికి పైగా యంత్రం రాసినవే అని చెప్పాయి. అమెరికా బడిపిల్లల వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు తప్పు చేయలేదు. కారణం ఏమిటంటే, తరువాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే అది యంత్రపు రాత అని ఆ పరికరాల లెక్క. పరాయి భాషలో రాసేవారు తమకు బాగా తెలిసిన, భద్రమైన మాటలే వాడతారు. అంటే పట్టుబడేది జాగ్రత్తగా రాసినవారు! చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి గుర్తింపు పరికరం ఒకటి విడుదల చేసి, సరిగా గుర్తించలేకపోతోందని ఆ జూలైలో ఆపేసింది. ఆ రోజు నుంచి నేను ఏ పరికరాన్నీ తాకలేదు.

యంత్రం మీద నాకు పగ లేదు. నన్ను అడగడానికి జంకే పిల్లలు అర్ధరాత్రి దాన్ని పదిసార్లు అడిగి సందేహం తీర్చుకోవడం చూశాను. దాని ముందు వారికి సిగ్గు లేదు, అది విసుక్కోదు. 80 మంది ఉన్న తరగతిలో నేను ఇవ్వలేకపోయిన ఓపిక అది. అడిగి తెలుసుకోవడం వేరు, మూడు మాటల వెతుకులాటను దానికి అప్పగించడం వేరు. దాన్ని అడిగితే మొదటి క్షణంలోనే 'టైర్డ్' అని ఇస్తుంది. తండ్రి వైపు వేయాల్సిన ఆ మూడు అడుగులు వేయకుండానే మిగిలిపోతాయి.

చివరి ఏడాదిన్నర నేను పద్ధతి మార్చాను. ప్రతి వ్యాసానికీ మొదటి అరగంట రాత తరగతిలోనే, కలంతోనే. రబ్బరు వాడకూడదు, తెల్ల ద్రవం పూయకూడదు, మాట నచ్చకపోతే ఒకే గీతతో కొట్టివేయాలి, కింద ఉన్నది నాకు కనిపించాలి. ఆ కాగితాలు నా దగ్గరే ఉంటాయి. తరువాత ఇంట్లో టైపు చేసుకోవచ్చు, ఎవరినైనా, దేన్నైనా అడగవచ్చు, కానీ ఏం మార్చారో, ఎందుకు మార్చారో నా ఎదురుగా కూర్చుని 5 నిమిషాలు చెప్పాలి. మొదటి వారం అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, కొట్టివేతలు ఉంటే మార్కులు తగ్గవా అని. వాటికే 10కి 3 మార్కులు కేటాయించానని చెబితే నమ్మలేదు. నేను 1989లో ఎర్ర సిరాతో రాసిన ఆ వాక్యాన్ని ఇంకా ఎన్ని చేతులు ఎన్ని కాగితాల మీద రాశాయో!

పద్ధతి అందరికీ కుదరలేదు. చేతి వేగం తక్కువ ఉన్నవారు ఇబ్బంది పడ్డారు, వారికి సమయం పెంచాను. 80 మందితో విడివిడిగా మాట్లాడటానికి నా మధ్యాహ్నాలన్నీ పోయాయి. ఒంట్లో ఓపిక ఉంటే ఇంకో ఐదేళ్లు అలాగే పోగొట్టుకునేదాన్ని.

ఆఖరి సెమిస్టర్‌లో ఒక అమ్మాయి ఉండేది. మాట్లాడదు, వెనక వరుస. ఇల్లు గురించి రాయమన్నాను. అరగంటలో పేజీ నింపింది, తరువాత ఒక్కొక్క వాక్యమే కొట్టివేయడం మొదలుపెట్టింది. గంట కొట్టేసరికి ఒకే ఒక వాక్యం మిగిలింది. అమ్మ తలుపు తీసినప్పుడు ఆ తలుపు చేసే చప్పుడు గురించిన వాక్యం. అది కూడా పూర్తి కాలేదు, చప్పుడు ఎలాంటిదో చెప్పాల్సిన చోట ఖాళీ వదిలింది. కాగితం ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చి వెళ్లింది.

మర్నాడు నేను తరగతికి కాస్త ముందుగానే వెళ్లాను. ఆ అమ్మాయి అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నా కాగితం ఒకసారి ఇస్తారా మేడమ్? రాత్రి ఒక మాట దొరికింది."